వెల్లుల్లి కాడలూ, నానమ్మ శనివారమూ

"అది చీటింగ్! ప్యూర్ చీటింగ్!" అంటూ అవని బ్యాక్‌ప్యాక్‌ని సోఫా మీదకి విసిరింది.

సమ్మర్ క్యాంప్ నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఇదే గోల. ఆ మధ్యాహ్నం లంచ్‌లో ఫ్రెండ్ కెయిట్లిన్ ఒక పిజ్జా ముక్క ఇచ్చి, చీజ్ పిజ్జా అని చెప్పింది. అవని సగం తిన్నాక ఆ పిల్ల పకపకా నవ్వింది. దాని మీద ఉన్న పెపరోనీ మాంసం ముక్కల్ని ముందే ఏరి పారేసిందట! అవని ఇంట్లో ఎవరూ మాంసం తినరు. ఆ సంగతి కెయిట్లిన్‌కి సెకండ్ గ్రేడ్ నుంచీ తెలుసు.

"నేను అడిగాను నానమ్మా! మీట్ ఉందా అంటే లేదు అంది. తర్వాత ఏమందో తెలుసా? ముక్కలు తీసేశాగా, కొంచెం జ్యూసే కదా, అంది!"

"ఎంత పొగరు! అడిగిన పిల్లకి అబద్ధం చెప్తుందా?" అంది నానమ్మ. ఆవిడకీ కోపం వచ్చింది. ఇంకా ఏదో అనబోయి గట్టిగా తుమ్మింది. తెనాలి నుంచి అమెరికాలో ఈ అరోరాకి వచ్చినప్పటి నుంచీ ఇక్కడి పుప్పొడి పడక ఆవిడ ముక్కు దిబ్బడగానే ఉంది.

మర్నాడు శనివారం. పొద్దున్నే అవని కత్తెర పట్టుకుని పెరట్లోకి పరిగెత్తింది. ఆమె వెల్లుల్లి మొక్కలకి కాడలు వచ్చాయి మరి!

కిందటి అక్టోబర్‌లో ఫార్మర్స్ మార్కెట్‌లో కొన్న వెల్లుల్లి రెబ్బల్ని అవని, నాన్న కలిసి మొన పైకి ఉండేలా నాటారు. పైన ఎండుటాకులు కప్పారు. చలికాలమంతా ఆ మడి మంచు కింద ఉండిపోయింది. ఇప్పుడు ప్రతి మొక్క నడుమ నుంచీ ఒక పచ్చటి కాడ లేచి, గుండ్రంగా మెలి తిరిగింది. కొసన చిన్న మొగ్గ కూడా ఉంది. మెలి తిరిగినప్పుడే కోసెయ్యాలనీ, లేకపోతే కాడ ముదిరిపోతుందనీ, కింద గడ్డ సరిగా ఊరదనీ మార్కెట్‌లో రైతు చెప్పాడు.

అవని ఒక్కొక్కటే కత్తిరిస్తుంటే నానమ్మ గిన్నె పట్టుకుంది.

"అచ్చం బీన్స్‌లాగే ఉన్నాయే!" అంది ముచ్చటగా.

"ఇవాళే వండుకుందాం. ఫస్ట్ నువ్వే తినాలి నానమ్మా."

"నేను రేపు తింటాలే తల్లీ. శనివారం ఉల్లీ వెల్లుల్లీ ముట్టను కదా."

"ఇది వెల్లుల్లి కాదు. కాడ!"

"దేని కాడ మరి?" అని నానమ్మ నవ్వింది.

అవనికి ఒళ్ళు మండిపోయింది. చలికాలమంతా ఎదురుచూసింది తను. మంచు కరిగాక రోజూ నీళ్ళు పోసింది తను. ఇప్పుడు శనివారం అని నానమ్మ వంక పెడుతుందా? ఇదేం న్యాయం?

అమ్మ హాస్పిటల్ డ్యూటీకి వెళ్ళింది. నాన్న స్టవ్ మీద బీన్స్ వేపుడు పెట్టి, "సన్న సెగ మీద ఉంది, కలుపుతూ ఉండు. లాన్‌లో గడ్డి మో చేసి వస్తా," అని బయటికి వెళ్ళాడు.

అవని గిన్నెలోని కాడల వంక చూసింది. వాటిలో కొన్నింటిని బీన్స్ ముక్కలంత చిన్నగా తరిగింది. బాణలిలో వేసి కలిపేసింది. వాసన తెలియకుండా ఇంగువ దండిగా చల్లింది. ఒక్కసారి రుచి చూస్తే నానమ్మే మెచ్చుకుంటుంది అనుకుంది.

భోజనాల దగ్గర నానమ్మ కూర వంక చూసి, "ఇవి బీన్సేనా?" అని అడిగింది.

"బీన్సే," అంది అవని.

ముక్కు దిబ్బడ వల్ల నానమ్మకి వాసన తెలియలేదు. మారు వడ్డించుకుని మరీ తింది. "భలే ఉందే కూర!" అంది.

అవని చప్పట్లు కొట్టింది. "అందులో నా కాడలు ఉన్నాయి! నచ్చాయిగా! నేను చెప్పాను కదా!"

నానమ్మ చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది. ముఖం ఎర్రబడింది.

"నేను అడిగాను కదే," అంది. "నోరు తెరిచి అడిగాను."

లేచి వెళ్ళి చెయ్యి కడిగేసుకుంది.

"పోనీలేమ్మా," అన్నాడు నాన్న నవ్వుతూ. "కాస్త కాడే కదా!"

ఆ మాట అవనికి ఎక్కడో విన్నట్టు అనిపించింది. ఎక్కడో కాదు, నిన్ననే. కొంచెం జ్యూసే కదా!

"నవ్వకు నాన్నా!" అని అరిచింది. ఆ కోపం నాన్న మీదో, కెయిట్లిన్ మీదో, తన మీదే తనకో ఆమెకి తెలియలేదు. ఏడుపు వచ్చేసింది.

నానమ్మకి సారీ చెప్పింది. నానమ్మ "సరేలే" అంది. కానీ ఆ రోజు నుంచీ ఒక మాట మొదలైంది. అవని ఏది తెచ్చి ఇచ్చినా, "ఇందులో ఏముందే?" అని అడిగేది. ఉప్మా ఇచ్చినా అడిగేది. చివరికి పాల గ్లాసు ఇచ్చినా అడిగేది. ఇంతకు ముందు ఎప్పుడూ అలా అడగలేదు. అడిగిన ప్రతిసారీ అవనికి ఏదో గుచ్చుకున్నట్టు ఉండేది.

మళ్ళీ శనివారం వచ్చింది. ఈసారి అవని నానమ్మ కోసం తనే బీన్స్ తరిగి, కొబ్బరి వేసి విడిగా కూర చేసింది. నాన్న పక్క పొయ్యి మీద మిగిలిన కాడల వేపుడు చేస్తున్నాడు. కాడలు కలిపిన గరిటెతోనే అలవాటుగా బీన్స్‌ని కూడా ఒకసారి తిప్పాడు.

"నాన్నా! ఏం చేశావ్!"

"ఒక్కసారే కదే తిప్పాను. నానమ్మకి తెలియదులే."

"నాకు తెలుసు!" అంది అవని.

బాణలి వంక చూసింది. పొద్దుటి నుంచీ చేసిన కూర. కొబ్బరి కూడా తనే తురిమింది. నాన్న మీద పట్టరాని కోపం వచ్చింది. ఆ కోపంతోనే నానమ్మ దగ్గరికి వెళ్ళింది.

"నానమ్మా, బీన్స్ కూర నువ్వు తినకు. నేను క్లీన్‌గానే చేశాను. నాన్న కాడల గరిటె అందులో పెట్టేశాడు."

నానమ్మ ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత వంటింటి వైపు తిరిగి గొంతు పెంచింది. "ఒరేయ్ అమర్‌నాథ్! బంగారం లాంటి కూర పాడుచేశావు కదరా! పిల్ల పొద్దుటి నుంచీ చేసుకుంటుంటే కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావు?"

నాన్న గరిటె పట్టుకుని గుమ్మంలో బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు.

అవని అన్నంలో పెరుగు కలిపింది. కొంచెం ఉప్పు వేసి, క్యారెట్ తురిమింది. కంచంలో పెట్టి నానమ్మ ముందుకి జరిపింది. ఇందులో ఏముందే అంటే చెప్పడానికి జవాబు సిద్ధంగా పెట్టుకుని నిలబడింది.

నానమ్మ ఏమీ అడగలేదు. ముద్ద తీసి నోట్లో పెట్టుకుంది.