ఖాళీ సీటుకు బెల్టు

మిర్యాలగూడలో పాత కార్లు అమ్మే బక్కయ్య షెడ్డు రైసుమిల్లుల వెనక ఉంటుంది. ఎంత తుడిచినా కాసేపటికే కార్ల మీద ఊక బూడిద సన్నగా పరుచుకుంటుంది. ఆ రోజు కూడా బక్కయ్య ఓ తెల్లకారు అద్దం మీది బూడిద గుడ్డతో దులిపి, తలుపు తీసి పట్టుకున్నాడు.

"చిన్న బండే గాని ఎత్తుగ ఉంటది మేడం. గుంతల రోడ్డు మీద పోయినా కింద తాకదు. జర కూసోని సూడండి."

ఉషారాణి డ్రైవింగు సీట్లో కూచుని స్టీరింగు మీద చేతులు పెట్టింది. కొత్తగా వేసిన సీటు కవర్ల వాసన. ఆ వాసన కింద మరేదో పాత వాసన.

"బాగున్నదా వదినె?" అన్నాడు మరిది గోపి.

"బాగుంది," అంది. ఆ రోజుల్లో ఏదడిగినా ఆమె ఆ మాటే అనేది.

ఎండాకాలంలో ఆమె భర్త సురేందర్ నిద్రలోనే పోయాడు. గుండె ఆగిందన్నారు. పక్కనే పడుకున్న ఉషారాణికి తెలియలేదు. పొద్దున్నే లేచి ఇల్లూడ్చి, టీ పెట్టి, గ్లాసు తెచ్చి ఆయన తల దగ్గర పెట్టి స్నానానికి పోయింది. తిరిగొచ్చేసరికి టీ మీద మీగడ కట్టి ఉంది. అత్తమ్మ ముద్దుగా పెట్టిన పేరుతో పిలిచినా, అసలు పేరుతో పిలిచినా ఆయన లేవలేదు. ఆమె అప్పుడూ ఏడవలేదు, సమాధుల తోటలోనూ ఏడవలేదు. చాలాసేపు ముడుచుకు కూచున్న కాలికి తిమ్మిరెక్కినట్టు ఆమె మనసుకు తిమ్మిరెక్కింది. గిచ్చినా తెలియదు.

ఉండేది సూర్యాపేటలో, టీచరు పని చిలుకూరు దిక్కు ఒక ఊరి బడిలో. బస్సులో పోతుంటే దిగాల్సిన చోటు దాటిపోయేది. కోదాడ బస్టాండులో కండక్టరు వచ్చి తట్టి లేపినట్టు చెప్తే తప్ప కదిలేది కాదు, మెలకువగానే ఉన్నా. గోపి భయపడ్డాడు. "నువ్వే నడుపుకుంటే రోడ్డు మీద ధ్యాస ఉంటది వదినె. అన్న నేర్పిండు గద," అని పట్టుబట్టి కారు కొనిపించాడు.

మొదటి వారం ఏమీ లేదు. ఆ తర్వాత ఒక పొద్దున బడికి పోతూ ఊరు దాటగానే కారు మోగింది. టింగ్... టింగ్... టింగ్. ముందరి అద్దం కింద ఎర్రటి బొమ్మ వెలిగింది. కూచున్న మనిషి, అడ్డంగా బెల్టు. ఎడమ సీట్లో మనిషి బెల్టు పెట్టుకోలేదని దానర్థం.

ఎడమ సీట్లో ఆమె హ్యాండుబ్యాగు ఉంది. తీసి వెనక పడేసింది. చప్పుడు ఆగలేదు. కారు పక్కకు ఆపి సీటు మీద చెయ్యి పెట్టి చూసింది. ఖాళీ. ఎర్రబొమ్మ వెలుగుతూనే ఉంది.

సూర్యాపేటలో మెకానిక్ బీరన్న సీటు కిందికి వంగి చూసి, వైర్లు ఊపి, చేతులు దులుపుకున్నాడు. "తేమ పట్టి ఉంటది మేడం. పాత బండ్లకు గిట్లనే ఐతది. ఆ ఖాళీ సీటుకే బెల్టు వెట్టెయ్. సప్పుడు బంద్ ఐతది."

అదే అలవాటైంది. పొద్దున్నే తన బెల్టు పెట్టుకునే ముందు ఒరిగి పక్క సీటు బెల్టు లాగి తగిలించేది. టక్ అని పడేది. ఇక చప్పుడుండదు. కొన్నాళ్లకు అది ఆమెకు పని అనిపించడం మానేసింది. ఇంకొకరికి దుప్పటి కప్పినట్టుండేది.

బెల్టు సంగతి ఒకటి మాత్రం ఆమె ఎవరికీ చెప్పలేదు. తగిలించేటప్పుడు అది ఖాళీ సీటుకు అతుక్కుని బిగుతుగా ఉండేది. బడి దగ్గర దిగేసరికి వదులయ్యేది. సీటుకూ బెల్టుకూ మధ్య జానెడు ఎడం. బెల్టు వెనక ఎవరో కూచున్నంత ఎడం.

ఆమెకు భయం వేయలేదు. ఒక్కోసారి, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, పక్కన ఉన్నది సురేందర్ అనుకోబోయింది. అనుకోబుద్ధి కాలేదు. సురేందర్ దగ్గర సబ్బు వాసన, తమలపాకు వాసన. ఈ సీటు దగ్గర తడిసిన గొంగడి వాసన.

క్రిస్మస్ ముందు ఒకనాడు స్టాఫ్‌రూములో ఉండగా ఫోను వచ్చింది. కార్ల కంపెనీ సర్వీసు సెంటరు నుంచి ఒకామె.

"మేడం, మీ బండికి రీకాల్ ఉంది. ఎడమవైపు ముందు సీటు కింద సెన్సారు ఉచితంగా మారుస్తాము. చాలామంది కంప్లైంటు చేశారు. కోదాడ తీసుకురాగలరా?"

"దాంట్ల తప్పేంది?"

"కొన్ని బండ్లలో మనిషి కూర్చున్నా సీటు ఖాళీ అనుకుంటుంది మేడం. బెల్టు గుర్తు చెయ్యదు. గుద్దినప్పుడు అటువైపు ఎయిర్‌బ్యాగు తెరుచుకోదు."

"మా బండి అట్ల కాదమ్మా. ఎవరూ లేకున్నా ఉన్నరని మోగుతది."

అవతల కీబోర్డు చప్పుడు వినిపించింది.

"అలాంటి కంప్లైంటు ఇంతవరకు రాలేదు మేడం. ఆ సెన్సారు పాడైతే ఉన్న మనిషిని లేదంటుంది. లేని మనిషిని ఉన్నాడనదు."

ఆమె ఆ ముక్క గోపికి చెప్పింది. గోపి ఆ ఆదివారమే బైకు మీద మిర్యాలగూడ పోయి బక్కయ్యను నిలదీశాడు. పొద్దుగూకే వేళకు తిరిగొచ్చి వాకిట్లో కూచున్నాడు. తల్లి ముత్తమ్మ మంచినీళ్లిచ్చింది. నీళ్లు తాగి గ్లాసు పక్కన పెట్టాడు.

"నిడమనూరుల ఎరువుల దుకాణమాయనది వదినె ఆ కారు. పోయిన చలికాలం పొద్దుగాల వస్తుంటే మంచుల ఎవరో చెయ్యెత్తిండట. గొంగడి కప్పుకున్న మనిషి. పాపమని ఎక్కిచ్చుకున్నడు. జర దూరం వోయి కల్వర్టుకు గుద్దిండు. ఈయన దిక్కు బెలూను తెరుసుకున్నది. ఆ మనిషి దిక్కు తెరుసుకోలే. ఆడనే పాణం వోయింది."

"ఆ మనిషెవరు?"

"ఎవ్వరికీ తెల్వదు. ఎవరూ అడగనీకి రాలేదట. ఎక్కడ దిగుతడో గూడ అడగలేదట ఆయన."

ముత్తమ్మ గుమ్మానికి ఆనుకుని నిలబడింది. పైన కట్టిన కాగితం నక్షత్రం ఎర్రటి వెలుతురు ఆమె తెల్లజుట్టు మీద పడుతోంది.

"బతికున్నప్పుడు ఆ బండి మనిషిని లెక్కల వెట్టలే. సచ్చినంక లెక్కవెడుతున్నదా," అంది మెల్లగా.

"అమ్మేద్దాం వదినె," అన్నాడు గోపి.

"అమ్మితే ఇంకెవరో ఎక్కుతరు," అంది ఉషారాణి. "బాగు చేపిస్త."

సెలవు రోజు పొద్దున్నే బయలుదేరింది. ఒక్కదానివే వద్దని ముత్తమ్మ కూడా ఎక్కింది, వెనక సీట్లో, ఎడమ పక్కన. ఉషారాణి ఎప్పటిలా ఒరిగి ఖాళీ సీటుకు బెల్టు తగిలించింది. టక్.

చివ్వెంల దాటేసరికి మంచు దిగింది. పొలాల్లో కాల్చిన గడ్డి పొగ ఆ మంచులో కలిసి కళ్లు మండుతున్నాయి. హెడ్‌లైట్ల వెలుతురు నాలుగు గజాల ముందు పాలగోడకు తగిలినట్టు ఆగిపోతోంది. పక్కనుంచి లారీలు పోతున్నాయి. కనిపించవు. చప్పుడు మాత్రం వచ్చి, మీద పడినట్టై, వెనక్కి పోతుంది. అద్దాలు మూసే ఉన్నాయి. అయినా లోపల చలి పెరిగింది. తడి గొంగడి వాసన వచ్చింది. దానివెంట బీడీ వాసన. దానివెంట కాల్వ ఒడ్డు బురద వాసన.

టింగ్.

ఉషారాణి పక్కకు చూసింది. బెల్టు పెట్టే ఉంది.

టింగ్... టింగ్...

"అమ్మా ఉషా," ముత్తమ్మ గొంతు గుసగుసగా వచ్చింది.

"ఏందత్తమ్మ."

"ముంగటి సీటు... ఎనకకు వాలుతున్నది."

అద్దంలో చూసింది. ముత్తమ్మ రెండు చేతులతో ముందు సీటు వీపును తోసి పట్టుకుని ఉంది. సీటు ఆమె మోకాళ్ల మీదికి కొంచెం కొంచెంగా ఒరుగుతోంది. అలసిన మనిషి జారగిలబడినట్టు.

"ఆపు బిడ్డా."

"ఈడ ఆపితే ఎనక లారీ గుద్దుతది."

టింగ్. టింగ్. టింగ్. చప్పుడు దగ్గర దగ్గరగా పడుతోంది. బెల్టు గుండెల ఎత్తున ఉబ్బింది... దిగింది. మళ్లీ ఉబ్బింది. దిగింది.

ఊపిరి.

ఉషారాణి భయం రావాలని చూసింది. రాలేదు. గొంతులో ఒక ప్రశ్న మాత్రం వచ్చింది. ఎరువుల దుకాణమాయన అడగనిది.

"ఏడ దిగుతవు?" అంది.

చప్పుడు ఆగింది.

అంతా ఆగింది. ఇంజను చప్పుడు కూడా వినిపించలేదు. మంచులో ఎదురుగా... చాలా దగ్గరగా... ఒక లారీ వెనకభాగం. లైట్లు లేవు. ఆగి ఉంది. ఇనుప రేకు, దాని మీద మట్టి, వేలాడే గొలుసు. అన్నీ అద్దం నిండా వచ్చేశాయి. ఆమె కాలు బ్రేకు మీద ఉంది. ఎప్పుడు తొక్కిందో తెలియదు. తొక్కిందో లేదో కూడా తెలియదు.

టక్.

ఎడమ సీటు బెల్టు ఊడింది. పట్టీ సర్రున వెనక్కి పోయి చుట్టుకుంది. తలుపు తెరుచుకోలేదు. చలిగాలి మాత్రం ఒక్కసారి వచ్చి పోయింది.

తర్వాత చూస్తే లారీ వెనక ఉంది. కారు నున్నగా పోతోంది. ఎట్లా తప్పిందో ఆమెకు గుర్తులేదు. మంచు పలచబడుతోంది. బీడీ వాసన లేదు, గొంగడి వాసన లేదు.

"దిగినట్టున్నడు అత్తమ్మ," అంది.

ముత్తమ్మ జవాబు చెప్పలేదు. ఒళ్లో చేతులు పెట్టుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ, పెదాలతో ప్రార్థన చేసుకుంటోంది. కోదాడ దాకా చేసుకుంటూనే ఉంది.

సర్వీసు సెంటరులో మెకానిక్ నడివయసు మనిషి, నెమ్మదస్తుడు. ఉషారాణి బండి తాళం టేబులు మీద పెట్టి, విషయం చెప్పింది. ఆయన తల ఊపాడు గాని, "ఎప్పట్నుంచమ్మా ఇలా మోగుతుంది?" అని ముత్తమ్మను అడిగాడు. పెద్దావిడ కదా అనుకుంది ఉషారాణి. కాసేపటికి టీ వచ్చింది. ఒకటే గ్లాసు. ముత్తమ్మ చేతికిచ్చి పోయారు. ఉషారాణికి టీ మీద ధ్యాస లేదు, పట్టించుకోలేదు.

సెన్సారు మార్చారు. మెకానిక్ ఎడమ సీట్లో కూచున్నాడు, మోగింది. లేచాడు, ఆగింది. మళ్లీ కూచున్నాడు, మళ్లీ లేచాడు. సరిగ్గా ఉంది. ఖాళీ సీటు ఇప్పుడు ఖాళీ.

"అయిపోయిందమ్మా. ఇక ఫికరు లేదు," అన్నాడు ముత్తమ్మతో.

ఉషారాణి డ్రైవింగు సీట్లో కూచుని తాళం తిప్పింది. బెల్టు పెట్టుకోవడం మరిచిపోయింది. ఆ సంగతి ఆమెకు ఆలస్యంగా తట్టింది. కారు మోగలేదు. తల పక్కకు తిప్పి చూస్తే తన బెల్టు పట్టీ తలుపు పక్కనే వేలాడుతోంది. ముందు అద్దం కింద ఎర్రబొమ్మ లేదు.

"ఇటుదిక్కు మోగుతలేదు," అంది.

మెకానిక్ ఇంకో బండి దగ్గరికి పోతున్నాడు. ఆమె దిగి, ఎదురుగా పోయి నిలబడి, మళ్లీ చెప్పింది. ఆయన ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, వెనక్కి వచ్చి డ్రైవింగు సీట్లో కూచుని తాళం తిప్పాడు.

టింగ్. టింగ్. టింగ్.

"బానే ఉందే," అన్నాడు తనలో తాను. దిగాడు. "ఈ వైపు సెన్సారుతో పన్లేదు. తాళం తిప్పితే చాలు, మనిషున్నా లేకున్నా మోగుద్ది."

ఉషారాణి మళ్లీ కూచుంది. తాళం తిప్పింది. ఇంజను అందుకుంది. ఏ చప్పుడూ లేదు. తాళం ఆపి మళ్లీ తిప్పింది. లేదు. సీటు మీద గట్టిగా కదిలింది. చేత్తో తొడను గిచ్చుకుంది.

మెకానిక్ తలగోక్కుని, చేతిదీపం తీసుకుని, అటు తలుపులోంచి దూరి డాష్‌బోర్డు కింద తలపెట్టాడు.

మంచు పూర్తిగా విడిపోయింది. ఎండ కారు మీద పడుతోంది. ముత్తమ్మ టీ గ్లాసు గోడ మీద పెట్టి, కొంగుతో మూతి తుడుచుకుంటూ కారు దగ్గరికొచ్చింది. అద్దం దించే ఉంది. కంటికి చెయ్యడ్డం పెట్టుకుని లోపలికి చూసింది. వెనక సీటు చూసింది. డ్రైవింగు సీటు చూసింది, తీరిగ్గా, పైనుంచి కింది దాకా.

"బాబూ," అంది మెకానిక్‌తో. "మా కోడలు గీడనే ఉండె. ఎటువోయింది?"

"గీడనే ఉన్న అత్తమ్మ," అంది ఉషారాణి.

మెకానిక్ డాష్‌బోర్డు కిందనుంచే అన్నాడు. "ఇప్పుడే ఉన్నారు కదమ్మా. గేటు దాకా వెళ్లారేమో."

"గీడనే ఉన్న," అంది ఉషారాణి. ఈసారి గట్టిగా.

ముత్తమ్మ కారు తలుపు మీద చెయ్యి ఆనించి, గేటు దిక్కు చూస్తూ నిలబడింది.