కిటికీ పక్క గోడ

చౌమహల్లా ప్యాలెస్ పక్క వీధిలో ఎవరూ ఎవరినీ చూడటం లేదు. అందరి కళ్లకూ గతాక్షి అద్దాలే. ఒకాయన నిజాముల కాలంనాటి గుర్రబ్బగ్గీకి దారి ఇస్తూ పక్కకు తప్పుకుని, నిక్షేపంలా నడిచి వస్తున్న తనుష్‌ని గుద్దేశాడు. అయ్యో అని కూడా అనలేదు.

ఈ పేటలోని పాత సున్నపు గోడలు తమ మీద పడిన వెలుగునీ మాటనీ దాచుకుంటాయని కనిపెట్టి చాలా కాలమైంది. గతాక్షి పెట్టుకుంటే అవి కంటికీ చెవికీ అందుతాయి. గోడలో పడ్డ జాడ పండి బయటికి కనపడటానికి మాత్రం ఏడాది పడుతుంది. గ్యాలరీలవాళ్లు బొమ్మలన్నీ పీకేసి, ఖాళీ గోడలకే టిక్కెట్లు పెట్టారు. జనం ఎగబడుతున్నారు.

తనుష్ భార్య సాన్విక గ్యాలరీల వైపు కన్నెత్తి చూడదు. ఆమెకు కావలసింది మూలనున్న ఇరానీ హోటల్లో కిటికీ పక్క బల్ల. నలభై ఏళ్ల కిందట పెళ్లి చేసుకుందామా అని తనుష్ అడిగింది అక్కడే. రోజూ వచ్చి అదే చూస్తుంది, ఆ కుర్రాణ్ణి చూసి సిగ్గుపడుతుంది. ఎదురుగా కూర్చునే ముసలి తనుష్‌కి ఆ కుర్రాడంటే ఒళ్లుమంట.

ఇవాళ మాత్రం అతను ఒక మాట చెప్పి తీరాలి. మహా అయితే ఆరు నెలలన్నాడు డాక్టరు.

చాయ్ వచ్చింది. అలవాటు ప్రకారం సగం సాసర్లోకి ఒంపుకుని, కప్పు ఆమె ముందుకు జరిపాడు.

"సానూ, గా గతాక్షి జర తియ్యవా? నీతోని మాట్లాడాలె."

"ఆగు, గిప్పుడే అడుగుతడు," నవ్వుతూ అంది సాన్విక. "జుట్టు ఎన్నిసార్లు సవరించుకుంటుండో, పాపం పిల్లగాడు!"

"పొద్దుగాల డాక్టర్ దగ్గరికి పోయినా..."

"ష్! వాని మాట ఇనపడ్తలేదు."

కప్పులో చాయ్ మీద మీగడ కట్టింది. తనుష్‌కి ఏడుపు తన్నుకొచ్చింది. తన మీద తనే అసూయపడే గతి ఏ మగాడికీ రాకూడదనుకున్నాడు. అయినా ఆమె చూసేది గడిచిపోయినవాళ్లనే కదా. సరే, తనూ గడిచిపోతాడు.

కుర్చీని వెలుగు పడే చోటికి జరుపుకున్నాడు. జుట్టు సవరించుకున్నాడు. ఆమె వైపు కాక గోడ వైపు తిరిగాడు.

"సానూ, నేను పోయినంక నువ్విక్కడికొస్తవు, నాకెరుకే," అన్నాడు మెల్లగా. "ఈ మాట పండేసరికి నేనుండ. డాక్టర్ పొద్దుగాల్నే చెప్పిండు. చెప్దామనే వచ్చిన. ఆ పిల్లగాడు ఒక్క రోజు అడిగిపోయిండు. నీతోని ఉన్నది నేను. గప్పుడన్న నన్ను జూడు... ఏడువకు. చాయ్ తాగు, సల్లారుతది."

ఎదురుగా సాన్విక కళ్లు తుడుచుకుంది. ఆ కుర్రాడు అడగడం అయిపోయింది. మళ్లీ మొదటి నుంచి చూద్దామని గతాక్షిని వెనక్కి తిప్పుకుంది.