అప్పలకొండమ్మ రక్తపరీక్ష

పొద్దున్నే పుష్పవతి చట్నీకి కొబ్బరి కోరుతుండగా పక్కింటి లోవలక్ష్మి కుంకుమ భరిణెతో వచ్చింది. కూతురి సీమంతానికి పిలుపు. అత్త అప్పలకొండమ్మకు బొట్టు పెట్టి పుష్పవతి వైపు తిరగబోతుంటే, అత్త లోవలక్ష్మి చెయ్యి పట్టుకుని ఆపేసింది.

"దానికెందుకొదినా? మూడుసార్లు వైజాగ్ ఆసుపత్రిలో దీని కడుపులో పిండం పెట్టించినాం. ఒక్కటీ అంటుకోలేదు. సవిటి నేల. శుభకార్యానికి దాని నీడెందుకు?"

పుష్పవతి చెయ్యి ఆగిపోయింది. ఆరేళ్లుగా ఈ మాట పెళ్లిళ్లలో విన్నది, సంతలో విన్నది, ఆఖరికి గొలుగొండ బస్సులో కూడా విన్నది. సరిగ్గా ఇలాంటి ఘడియ కోసమే మూడు రోజులుగా బీరువాలో ఒక రిపోర్టు దాచింది. పరాయి మనిషి ఎదుటే అత్త తల దించాలి. విసురుగా లోపలికెళ్లి కాగితాలు తెచ్చింది.

భర్త రమేష్‌బాబు అడ్డొచ్చాడు. "వద్దు పుష్పా. అమ్మకి నేను నెమ్మదిగా చెప్తాను."

"ఆరేళ్లూ నెమ్మదిగానే ఉన్నారుగా! తప్పుకోండి."

అత్త ఎదుట నిలబడింది. "డాక్టరుగారు మీ రక్తం కూడా అడిగితే, 'తీసుకోండి, మా వంశంలో మచ్చ లేదని తేలిపోద్ది' అన్నారు కదత్తా! తేలింది, వినండి. నా గర్భసంచిలో ఏ లోపమూ లేదు. మీ అబ్బాయి క్రోమోజోముల్లో రెండు ముక్కలు ఒకదాని చోట ఒకటి అతుక్కున్నాయి. ఆయనకేమీ కాదు. పిండంలోనే కొన్నిసార్లు జన్యువులు ఎక్కువో తక్కువో అవుతాయి. అలాంటి పిండం గర్భాన్ని పట్టుకోలేదు, పట్టుకున్నా నిలవదు. ఆ మార్పు ఆయనకి మీ నుంచే వచ్చింది!"

అత్త మొహం పాలిపోయింది. లోవలక్ష్మి గుమ్మం పక్కకి జరిగింది. పుష్పవతికి కడుపు నిండినట్టయింది. ఇంకా కావాలనిపించింది.

"ఇప్పుడు చెప్పండి, ఎవరిది చవిటి నేల?"

అప్పలకొండమ్మ గోడవారగా కూలబడింది.

"పట్టుకున్నా నిలవదన్నావు... రమేసు కంటే ముందు నలుగురు నా కడుపులోనే పోయారు. సెరుకు మోపులెత్తి సంపీసినావని మా అత్త బతికినన్నాళ్లూ తిట్టింది. నానూ అదే నిజమనుకున్నాను. అయితే ఆళ్లని నాను సంపలేదా? సెప్పవే!"

పుష్పవతి చేతిలో కాగితాలు పక్కన పడేసింది. వంచాలనుకున్న తల నలభై ఏళ్ల కిందటే వంగిపోయిందని ఆమెకేం తెలుసు? పక్కన కూర్చుని అత్త భుజం పట్టుకుంది.

"మోపులకీ దానికీ సంబంధం లేదత్తా. మీ తప్పు కాదు."

తనతో ఎవరైనా అంటారని ఆరేళ్లుగా ఎదురుచూసిన మాట అది. అనేసరికి తన కళ్లే ముందు నిండాయి.

అప్పలకొండమ్మ కోడలి ఒళ్లో తల పెట్టి ఘొల్లుమంది.

"నీదీ కాదే తల్లీ. నన్ను కాల్సిన మాటలే ఏరి నీ మీదేసినాను."