సమాయిల్ సాంబ్రాణి

హోర్ముజ్ జలసంధిలో మిసైల్ తగిలిన చమురు ట్యాంకర్ ఓడలోంచి నావికుడు అఖీల్‌ది ఒక్క బూటే దొరికింది. అది 1988, ఇరాన్-ఇరాక్ యుద్ధానికి ఎనిమిదో ఏడు.

మస్కట్‌లోని రూవి బజారులో గులాం నబీ పైకి టైలరు. లోపల గూఢచారి డిపార్ట్‌మెంట్‌కు అక్కడి చీఫ్. అఖీల్‌కు సొంత అన్న అయిన ఏజెంట్ సమీయుల్లా నడుముకు టేపు చుట్టి బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

"ఆ మిసైల్ అమ్మినోడు క్రేన్. యూరప్ కంపెనీ ఏజెంటు. యుద్ధంలో ఒక పక్షానికి అమ్మినాడు, ఇప్పుడు రెండో పక్షానికీ అమ్ముతాండాడు. రేపు సమాయిల్ ఊర్లో, తోట బంగళాలో బేరం. రెండు గదులు, రెండు పార్టీలు. ఒకరున్నట్టు ఇంకొకరికి తెలీదు."

"వాణ్ని నాకిడిసిపెట్టు చాచా. గొంతు పిసుకుతా."

"పిసికితే కంపెనీ ఇంకోణ్ని పంపుతాది. సంతకాలు ఆపల్ల. చెయ్యెత్తు, చంక కొలత."

"లోపల మనోళ్లు?"

"ఖుష్నుమా, క్రేన్ సెక్రటరీ. మనకూ పనిచేస్తాది, వానికీ చేస్తాది. నమ్మాకు."

మర్నాడు మధ్యాహ్నం సమీయుల్లా తెల్లటి ఒమానీ అంగీలో, బంగళా నౌకరు వేషంలో కహ్వా కాఫీ పోస్తున్నాడు. కూజా అడుగున పిస్టల్. ఆ సంగతి చీఫ్‌కు తెలీదు.

"యుద్ధం ఇంకో రెండేళ్లు నడవాలి" అన్నాడు క్రేన్ నవ్వుతూ, పెన్ను మూత తీస్తూ. "నా కూతురు చదువు పూర్తి కావాలిగా!"

సమీయుల్లా వేలు కూజా కిందికి పాకింది. ఆగింది. రెండు పక్షాల తరఫున బేరానికి వచ్చిన దలాళ్లిద్దరూ గల్ఫ్ మర్యాదలో పుట్టి పెరిగినవాళ్లు. ఇక్కడ సాంబ్రాణి ధూపం తిప్పారంటే సభ ముగిసిందని అర్థం. ఆ తర్వాత ఏ పెద్దమనిషీ కూర్చోడు. క్రేన్‌కు ఆ ముక్క తెలీదు.

వంటింట్లో కుంపట్లు రెండింట్లో నిప్పులు వేస్తుంటే, పట్టుచీర, పరిమళం, హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న రివాల్వర్: ఖుష్నుమా.

"సంతకం కాకముందే సాంబ్రాణా? ఎవలు పంపిన్రు నిన్ను?"

"నబీ చాచా. కాల్చు. కానీ సంతకాలయ్యాక ఇద్దరికీ అమ్మిన సంగతి తెలిసినదానివి నువ్వొక్కదానివే. క్రేన్ నిన్ను బతకనిస్తాడా?"

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. రివాల్వర్ బ్యాగులో వేసి, రెండో కుంపటి అందుకుంది.

"ఎడమ గది నాది. నడువ్."

కుడి గదిలో పెన్ను కాగితం మీద ఆనబోతోంది. సమీయుల్లా కుంపటి ముందుకు చాచాడు. దలాల్ ముఖం మాడిపోయింది. పెన్ను పడేసి లేచాడు. క్రేన్ మాత్రం హాయిగా పొగ పీల్చుకున్నాడు.

"ఆహా! ఏమిటిది?"

"మర్యాద సర్."

రెండు తలుపులూ ఒకేసారి తెరుచుకున్నాయి. నడవలో దలాళ్లిద్దరూ ముఖాముఖి. ఇద్దరి చేతుల్లో అదే కంపెనీ కేటలాగు. ఇద్దరి చూపులూ నెమ్మదిగా క్రేన్ వైపు తిరిగాయి.

దలాళ్లిద్దరూ పెడరెక్కలు విరిచి లాక్కెళుతుంటే క్రేన్ సమీయుల్లాను చూసి కేక వేశాడు: "ఎవడ్రా నువ్వు?"

"అఖీల్ అన్నను."

"అఖీలెవడు?"

"దావలో ఆలోచించుకో సర్. శానా దూరం పోతాండావు."

ఒకే కారులో, క్రేన్‌ను నడుమ కుదేసుకుని, దలాళ్లు ఎడారి వైపు సాగిపోయారు. ఎనిమిదేళ్లలో ఆ రెండు పక్షాలూ ఒక్క మాట మీద నిలబడటం అదే మొదలు.