ప్రొఫైల్‌లో మొహం లేని మనిషి

“నీకు క్లయింట్లు కావాలి,” అన్నాడు చీఫ్.

ఏజెంట్ ‘తాళం’ కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. ఇరవై ఏళ్ల సర్వీసులో ఇంత కష్టమైన ఆర్డర్ ఎప్పుడూ వినలేదు.

సేఫ్‌లు, బీరువాలు రిపేరు చేసే షాపు అతని గూఢచారి పనికి కవర్. షాపు ఉండాలి, బోర్డు ఉండాలి, బేరం మాత్రం ఉండకూడదు. అది డిపార్ట్‌మెంట్ రూల్. కస్టమర్లు పెరిగితే, ఏజెంట్ మాయమైనప్పుడల్లా ఎవరో ఒకరు వెతుక్కుంటూ వస్తారు. అందుకని వచ్చినవాళ్లందరికీ “వచ్చే నెల రండి” అని చెప్పి పంపేసేవాడు. నిజానికి అతనికి తాళాలంటే ప్రాణం. భార్య దృష్టిలో మాత్రం ఏ వ్యాపారమూ చేతకాని మొగుడు. ఈ నెలాఖరుకి కవర్ ఎత్తేసి, షాపు మూసేసి, అతన్ని ఆఫీసులో ఓ మూల కూర్చోబెట్టబోతున్నారు. ఆ దిగులుతో కొన్నాళ్లుగా అన్నం కూడా సహించడం లేదు.

“బ్రీఫింగ్ విను,” అన్నాడు చీఫ్. “ఓ సైంటిస్టు చనిపోయాడు. పంటల్ని మాడ్చేసే తెగులు శాంపిల్ ఒకటి గాజు సీసాలో పెట్టి ఇంట్లో సేఫ్‌లో దాచాడు. విదేశీ ముఠా ఆ సేఫ్‌ని ఎత్తుకెళ్లి ఈ ఊళ్లోనే ఎక్కడో పెట్టింది. ఎక్కడో మనకి తెలీదు. సేఫ్ పగలగొడితే సీసా పగులుతుంది. అందుకని తెరిచేవాడి కోసం వెతుకుతున్నారు.”

“ఎక్కడ వెతుకుతున్నారు?”

“ప్రొఫెషనల్ నెట్‌వర్కింగ్ సైట్లో. వాళ్ల లీడర్ మధ్యవర్తుల మాట నమ్మడు. ప్రొఫైల్ చూసి తానే పిలుస్తాడు. సీసా వాడి చేతికి చిక్కితే ఏ దేశంలోనూ గింజ మిగలదు.”

“నాకు మోకాళ్ల నొప్పులు సార్.”

“ప్రొఫైల్‌కి మోకాళ్లతో పనేంటయ్యా? నీకు సాయంగా గాగుల్స్‌ని పంపిస్తున్నాను.”

తాళం గట్టిగా నిట్టూర్చాడు. ఇంట్లోనూ నల్ల కళ్లద్దాలు తీయని ఆ అందగత్తెకి డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరు గాగుల్స్. బయటికి, వ్యాపారస్తుల ప్రొఫైళ్లు దిద్దిపెట్టే కన్సల్టెంట్. లోపల డబుల్ ఏజెంట్. ఇటు వీళ్లకీ పనిచేస్తుంది, అటు ముఠాకీ పనిచేస్తుంది. ఎవరికి ఎక్కువ చేస్తుందన్నది ఇంకా తేలలేదు.

మర్నాడు ఆమె షాపుకి వచ్చి ప్రొఫైల్ తెరిచింది. ఫొటోలో మూసిన షట్టర్. దాని కింద “నాణ్యమైన సేవ. నమ్మకం.” కనెక్షన్ ఒక్కటే, బావమరిది.

“మొహమేదండీ?”

“రూల్ ఒప్పుకోదు.”

“మొహం చూపించనివాడికి సేఫ్ ఎవరు అప్పగిస్తారు? ఇటు తిరగండి.”

ఫొటో కోసం ఆమె ఫోన్ ఎత్తిన ప్రతిసారీ తాళం చెయ్యి దానంతటదే మొహానికి అడ్డం వచ్చేసింది. అంతా పాత అలవాటు. చివరికి ఆమె విసుగెత్తి పక్కన కూర్చుంది. అతను ఓ తుప్పు పట్టిన తాళం విప్పుకుంటూ ఆమెని మర్చిపోయి తలెత్తినప్పుడు టక్కున ఫొటో తీసేసింది. అలసిపోయిన మొహమే వచ్చింది. కానీ నమ్మబుద్ధేసే మొహం.

“ఇక ఈ ‘నాణ్యమైన సేవ’ తీసేద్దాం. మీరెంత గొప్పవారో క్లయింటుకి అక్కర్లేదు. తన కష్టం మీకు తెలుసా లేదా, అదే చూస్తాడు. తాళం పోగొట్టుకున్న మనిషికి ఏం భయం?”

“లోపలున్నది ఏమైపోతుందోనని.”

“అదే రాయండి.”

రాశాడు: ‘తాళం పోయిందా? లోపలి వస్తువు చెక్కుచెదరకుండా మీ సేఫ్ తెరుస్తాను.’ ఇరవై ఏళ్లలో తన గురించి తాను రాసుకున్న మొదటి నిజం అది. చదువుకుంటే కళ్లు చెమర్చాయి.

సిఫార్సుల దగ్గర మాత్రం పరువు పోయింది. చీఫ్ ఆర్డరు మీద ఆఫీసు ఆఫీసంతా కస్టమర్ల పేర్లతో రాసిపడేసింది. ‘సదరు వ్యక్తి అప్పగించిన పనిని నిర్ణీత గడువులోగా పూర్తిచేయు సమర్థుడని తెలియజేయడమైనది.’ అన్నీ అదే పాట.

“ఇవి సిఫార్సులా, మెమోలా?” గాగుల్స్ నవ్వు ఆపుకోలేక అద్దాలు తీసి కళ్లు తుడుచుకుంది. అన్నీ పీకేయించింది. “నిజంగా ఎవరికైనా పని చేసిపెట్టారా, లేదా?”

ఎదురింటి టైలరమ్మ బీరువా ఓసారి ఇరుక్కుపోతే రూల్ పక్కన పెట్టి తీసిచ్చాడు. ఆవిడని అడిగితే రెండే ముక్కలు రాసింది: ‘బీరువా మీద గీత కూడా పడలేదు. వెళ్లేముందు నేల మీద పడ్డ తుప్పు కూడా ఆయనే ఊడ్చారు.’

ఆ వారంలోనే మెసేజ్ వచ్చింది. ‘పాత సేఫ్. లోపల గాజు వస్తువు. రేపు మధ్యాహ్నం కారు పంపుతాను.’

“నీ ఫోన్ లాగేసుకుంటారు,” అన్నాడు చీఫ్, ఓ స్టెతస్కోప్ చేతికిస్తూ. “దీన్లో ట్రాన్స్‌మిటర్ ఉంది. ఇనుముకి ఆనించగానే సిగ్నల్, మాటలు రెండూ మా వ్యాన్‌కి వస్తాయి. మేం ఇంటి ముందుకి చేరగానే నీ ప్రొఫైల్‌లో కొత్త సిఫార్సు పడుతుంది. గాగుల్స్ ముఠా మనిషిగా అక్కడే ఉంటుంది, ఫోన్లో చూసి పైకి చదువుతుంది. అది వినేదాకా సేఫ్ తెరవకు.”

“సిఫార్సు రాసేదెవరు సార్?”

“మామూలు కస్టమర్ రాసినట్టు నేనే రాస్తాలే.”

అక్కడే భయపడాల్సింది. భయపడే ఓపిక కూడా లేక ఊరుకున్నాడు.

కారుకి నాలుగువైపులా తెరలు. దిగాక ఖాళీ గది, మధ్యలో సేఫ్, పక్కన మోకాలి మీద పిస్టల్ పెట్టుకుని క్లయింట్, అంటే ముఠా లీడర్. కిటికీ దగ్గర గాగుల్స్, తనకేమీ పట్టనట్టు గోళ్లు చూసుకుంటోంది.

తాళం స్టెతస్కోప్ ఆనించి డయల్ తిప్పాడు. సేఫ్ తాళం ఎప్పుడో లొంగిపోయింది. నొప్పెడుతున్న మోకాళ్ల మీద కూర్చుని ఊరికే అటూ ఇటూ తిప్పుతూ కాలయాపన చేశాడు.

“చాలు,” అన్నాడు క్లయింట్, పిస్టల్ అతని మెడకి ఆనించి. “ఇప్పుడు తెరువు. లేకపోతే నీ ప్రొఫైల్‌తో ఎవరికీ పని ఉండదు.”

ఇక తప్పలేదు. హ్యాండిల్ లాగాడు. తలుపు జానెడు తెరుచుకుంది. లోపల గాజు సీసా మెరిసింది. క్లయింట్ చెయ్యి చాచాడు.

గాగుల్స్ ఫోన్ మోగింది.

“మీకు కొత్త సిఫార్సు వచ్చిందండీ,” అంది. స్క్రీన్ చూసి ఒక్క క్షణం ఆగింది. “‘మా బీరువా చక్కగా తెరిచారు, థాంక్స్’ అని ఎవరో రాశారు.”

ఆ ఒక్క క్షణం క్లయింట్‌కి నచ్చలేదు. ఫోన్ లాక్కుని తానే చదివాడు. “‘ఇరవై ఏళ్లుగా నా కింద పనిచేస్తున్నాడు. క్రమశిక్షణ గలవాడు. లీవులు తక్కువ.’” తలెత్తాడు. “సొంత వ్యాపారం అన్నావుగా? ఎవరి కింద పనిచేస్తున్నావు?”

స్టెతస్కోప్ ఇంకా సేఫ్‌కి అంటుకునే ఉంది. బయట వ్యాన్‌లో అందరూ మెల్లగా చీఫ్ వైపు తిరిగారు.

తాళం భుజంతో సేఫ్ తలుపుని నెట్టి మూసేసి డయల్ గిర్రున తిప్పేశాడు. పిస్టల్ లేచింది. అదే క్షణంలో గాగుల్స్ హ్యాండ్‌బ్యాగ్ వచ్చి క్లయింట్ మణికట్టుకి తగిలింది. తూటా గోడలోకి పోయింది. ఆ తర్వాత వీధి తలుపు విరిగిన చప్పుడు, బూట్ల చప్పుడు.

బేడీలు పడ్డాక తాళం నేలమీదే చతికిలబడ్డాడు. “మొత్తానికి ఎవరి పక్షమో తేల్చుకున్నారన్నమాట.”

“మీ ఫొటో బాగా కుదిరింది,” అంది గాగుల్స్ అద్దాలు సర్దుకుంటూ. “నా పనికి శాంపిల్‌గా చూపించుకుందామనుకుంటున్నా. పోయినవాళ్ల ఫొటో పెడితే కొత్త క్లయింట్లు రారు.”

చీఫ్ అతని కళ్లలోకి చూడలేదు. “అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదయ్యా. నిజంగానే నీ లీవులు తక్కువ.” గొంతు సవరించుకున్నాడు. “సరే, ఆ ప్రొఫైల్ డిలీట్ చేసి షాపు మూసేసి రా.”

తాళానికి ఫోన్ తిరిగొచ్చింది. నిండా మెసేజ్‌లు. ఆస్పత్రిలో మందుల అల్మరా తెరుచుకోవట్లేదట. ఎవరో ముసలావిడ, పోయిన చెల్లెలి పెట్టె పగలగొట్టకుండా తీయమంటోంది. అన్నిటికంటే పైన భార్య వాయిస్ మెసేజ్: “షాపుకి మనుషులొచ్చారు, కూర్చోబెట్టాను. మళ్లీ వచ్చే నెల రమ్మన్నావో, చంపేస్తాను!”

అది రెండుసార్లు విన్నాడు. ఇరవై ఏళ్ల తర్వాత ఆమె గొంతులో ఆ హుషారు వింటుంటే గుండె నిండిపోయింది.

“ప్రొఫైల్ ఉంచుకుంటాను సార్,” అన్నాడు లేచి నిలబడుతూ. “ఉద్యోగమే డిలీట్ చేసుకుంటాను.”

షాపుకి వెళ్లే దారిలో ప్రొఫైల్‌లో ఒక్క మార్పే చేశాడు. చీఫ్ రాసిన సిఫార్సు తీసేశాడు. అందులో అబద్ధమేమీ లేదు గానీ, చదివినవాళ్లు తుపాకీ తీస్తున్నారు.