నలభై రెండు నిమిషాల కాపురం

"దూరం మూడు వందల పది కిలోమీటర్లు. విమానం టికెట్ మీద గంటా పది నిమిషాలు. పక్క సీట్లో కూర్చునే రాడార్ ఇంజనీరు ప్రాణాలతో దిగాలి. అంతే నీ పని," అన్నాడు చీఫ్.

"చంపేదెవరు సార్?"

"విదేశీ ముఠా. అందులో ఉన్న మన డబుల్ ఏజెంట్ కబురు పంపింది. నీకే ఇవ్వమంది."

చీటీలో రెండే ముక్కలు. 'గాల్లో ఉన్న గంటా పది నిమిషాలూ భయం లేదు. దిగాకే దాడి. నెమలి.'

అక్షరాలు ఆమెవే. అయినా చీటీ అందుకున్న ఏజెంట్‌కి పంటి కింద రాయి తగిలినట్టయింది.

నెమలి ఇంజనీరు ఎక్కబోయే ఆ చిన్న విమానంలో ఎయిర్ హోస్టెస్. నాలుగేళ్లుగా అతని పెళ్లాం. ఆ సంగతి ఇటు ఆఫీసుకీ తెలియదు, అటు ముఠాకీ తెలియదు. నేల మీద కలిస్తే ఇద్దరికీ చావే. అందుకని నెలకోసారి టికెట్ కొనుక్కుని ఎక్కేవాడు. చక్రాలు రన్‌వే విడిచింది మొదలు మళ్లీ తాకేదాకా సరిగ్గా నలభై రెండు నిమిషాలు. మిగతా ఇరవై ఎనిమిదీ, ఆలస్యమైందని ఎవరూ తిట్టకుండా కంపెనీవాళ్లు కలుపుకున్న దొంగ నిమిషాలు.

"నలభై రెండు నిమిషాల్లో ఇంతకన్నా బాగా కాపురం చేసే ఆడదాన్ని చూపించు," అని నవ్వేది నెమలి, నీళ్ల గ్లాసు అందిస్తూ.

ఈసారి అతనిది మందుల కంపెనీ సేల్స్‌మన్ వేషం. ఇంజనీరు బట్టతలవాడు, వట్టి అమాయకుడు. నెమలి తెచ్చిచ్చిన కాఫీ ఊదుకుంటూ అడిగాడు.

"ఎంతసేపు పడుతుందండీ?"

"నలభై రెండు..." అని ఏజెంట్ ఆగిపోయాడు.

నాలుగేళ్లలో నెమలి నోట 'గంటా పది' అన్న మాట రాలేదు. అది టికెట్ కొనుక్కునే పరాయివాళ్ల లెక్క. ఆ చీటీ మొగుడికి రాసింది కాదు. మరి 'భయం లేదు' అన్న ముక్క?

కప్పు ఇంజనీరు పెదవి దాకా వచ్చింది. ఏజెంట్ మోచెయ్యి విసిరాడు.

"ఏంటండీ ఇది! కొత్త చొక్కా!"

"సారీ అండీ, చెయ్యి తగిలింది."

కప్పులో మిగిలిన చుక్కలో పెన్ను ముంచాడు. విషం తగిలితే రంగు మారే పెన్ను. మొన నీలంగా మారింది.

తెర వెనక, కాఫీ కలిపే ఇరుకు గదిలో నెమలి ఒక్కతే నిలబడి ఉంది.

"ఎన్నాళ్లనుంచి ముఠా వైపు?"

"మూడు నెలలు."

"బెదిరించారా?"

"లేదు. నీకేం కావాలమ్మా అని అడిగారు. నువ్వెప్పుడైనా అడిగావా?"

అతను వెనక తెర పూర్తిగా లాగాడు.

"దిగేటప్పుడు 'థాంక్యూ మేడమ్' అంటావు, పోతావు," అంది నెమలి. " నాకు జ్వరమొచ్చినా థాంక్యూ మేడమే. మా అమ్మ చనిపోయిన వారం కూడా థాంక్యూ మేడమే. ఒక్కసారి వెనక్కి చూశావా?"

"చూస్తే నిన్ను చంపేసేవాళ్లే!"

"తెలుసు. అయినా చూడాల్సింది."

కింద చక్రాలు విచ్చుకున్న చప్పుడయింది.

"గంటా పది అని ఎందుకు రాశావే?"

"రాస్తున్నప్పుడు నీ మొహం గుర్తు రాకూడదనుకున్నాను," అంది, చేతులు ముందుకు చాచి.

బేడీలు తనే వేశాడు.

సాయంత్రం ఆఫీసులో రిపోర్టు ఫారం నింపాడు. 'నిందితురాలితో మీకు గల సంబంధం' అన్న గడిలో 'ప్రయాణికుడు' అని రాశాడు.

చీఫ్ చదివి భుజం తట్టాడు. ఇంత క్లుప్తంగా రిపోర్టు రాసేవాడు డిపార్ట్‌మెంట్‌లో ఇంకొకడు లేడట.