పియానో పక్కన నిలబడని అమ్మాయి

అడీలా పిండి ముద్దల మీద బొటనవేలితో గుంటలు చేస్తోంది. చెల్లెలు టెస్ ఆ గుంటల్లో ప్లమ్ పళ్ళ గుజ్జు వేస్తోంది. గుంటలో వేసినంత నోట్లోనూ వేసుకుంటోంది.

"ఈ కొలాచీ రొట్టెలు తక్కువైతే మీ నాన్న నన్నంటాడు. సాయంత్రానికి వీధి వీధంతా మనింట్లోనే ఉంటుంది," అంది తల్లి డోరిస్, ఓవెన్ తలుపు తీస్తూ.

"వచ్చేది నా సంగతి తేల్చడానికి. నేను మాత్రం వంటింట్లో ఉండాలి," అంది టెస్.

"నీ సంగతి కాదే. ఆ టీవీ నాటకం సంగతి."

"ఆ నాటకం చూసేది నేనేగా అమ్మా! నాకు పదహారేళ్ళు. కారు నడపొచ్చు, దూడకి సూది వేయొచ్చు. గవర్నరు అబద్ధమాడితే మాత్రం చూడకూడదు!"

అడీలా నవ్వు దాచుకుని మరో గుంట చేసింది. కొంచెం లోతుగా పడింది.

నాటకం పేరు 'మూడో అంతస్తు'. గవర్నరు కార్యాలయంలో జరిగే కుట్రల కథ. హైస్కూల్లో ప్రభుత్వ పాఠం చెప్పడానికి కొత్తగా వచ్చిన ఎమ్మెట్ ఫాసీ అన్ని తరగతులకూ దాన్ని చూపించడం మొదలుపెట్టాడు. అందులో తిట్లున్నాయని, తాగుడుందని తల్లిదండ్రులు గొడవ చేశారు. స్కూలు పెద్ద ఎటూ చెప్పే ధైర్యం లేక, తేల్చే పని ఊరి మీద పడేశాడు.

అమెరికాలో అయోవా రాష్ట్రంలోని లిండెన్ ఫోర్క్ ఊళ్ళో ఏ తగువైనా తేలే పద్ధతి ఒకటే. దేశాధ్యక్ష పదవికి అభ్యర్థిని ఎంచుకునేటప్పుడు చలికాలంలో ఎలా చేస్తారో, అలాగే. ఒకరింట్లో చేరతారు. వద్దనేవాళ్ళు ఒక మూల, కావాలనేవాళ్ళు ఒక మూల, తేల్చుకోనివాళ్ళు మధ్యలో. వాదించుకుంటారు, పక్కింటివాణ్ణి ఇటు రమ్మని పిలుస్తారు, తరువాత తలలు లెక్కపెడతారు. చీటీలుండవు. దాక్కోవడం కుదరదు. దాన్ని మూలల సభ అంటారు. తాతల నాటి నుంచీ ఆ సభ జరిగేది వానెక్ వాళ్ళ, అంటే అడీలా వాళ్ళ ముందు గదిలోనే. సభ పెద్ద అడీలా తండ్రి రుడాల్ఫ్.

నాటకం వద్దని తేలితే మాస్టారి ఉద్యోగం ఈ ఏటితో సరి. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. అందరికీ తెలుసు.

అడీలా ఊరి లైబ్రరీలో పనిచేస్తుంది. నాటకమంతా చూసి ఏ వయసు వాళ్ళకి తగునో చెప్పమని స్కూలు పెద్ద ఆమెనే అడిగాడు. దాన్ని ఎంచుకున్నవాడు గనుక మాస్టారు కూడా పక్కన కూర్చోవాలన్నాడు.

అలా చూడటం మొదలైన తొలి శనివారం ఎమ్మెట్ గొడుగు లేకుండా వచ్చాడు. జుట్టులోంచి వాన కారుతోంది.

"జడ్జి గారు మీరేనా?"

"ముందు తుడుచుకోండి. అది లైబ్రరీ కుర్చీ."

లైబ్రరీ కింది గదిలో కిటికీలు నేలమట్టానికి ఉంటాయి. బయట నడిచేవాళ్ళ కాళ్ళు, వాన చినుకులు తప్ప ఇంకేమీ కనిపించవు. నాటకం మొదలైంది. దానితోపాటే ఎమ్మెట్ కూడా మొదలయ్యాడు.

"ఇప్పుడు చూడండి, వీడు తలుపు దగ్గర ఆగుతాడు. ఎందుకంటే..."

"మీరే చెప్పేస్తే నేనేం చూడాలి?"

"పాఠం చెప్పి చెప్పి అలవాటైపోయింది."

"మీ క్లాసు పిల్లలు పాపం."

"ఎందుకు?"

అడీలా రిమోట్ అతని వైపు తిప్పి, నోరు మూయించే మీట నొక్కింది. ఎమ్మెట్ బుద్ధిగా పెదవులు బిగించాడు. ఆ భాగం అయ్యేవరకూ ఒక్క మాట మాట్లాడలేదు. తల తిప్పి ఆమె వైపు చూడటం మాత్రం మానలేదు.

తరువాతి శనివారాల్లో అతను పేలాలు తేవడం, మాట్లాడకుండా ఉండటం నేర్చుకున్నాడు. ఆమె మాట్లాడటం నేర్చుకుంది.

ఒక సీనులో గవర్నరు తన బిల్లుకి ఓటేసేవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటాడు. ఎప్పుడూ నోరెత్తని ఒక సభ్యురాలి దగ్గరికొచ్చేసరికి, "ఆవిడ ఎటూ మనదే" అని వేలు మడుస్తాడు. ఆవిణ్ణి అడగడు. తాను ఎటు ఓటేస్తోందో ఆవిడ మర్నాడు పేపర్లో చదువుకుంటుంది.

అడీలా ఆ సీను వెనక్కి తిప్పి మళ్ళీ చూసింది.

"ఏముంది అందులో?" అన్నాడు ఎమ్మెట్.

"ఆవిడ మొహం."

అతను టీవీలోని మొహం చూడలేదు. పక్కనున్న మొహం చూశాడు. అది ఆమెకు తెలిసింది. తెలిసినట్టు కనిపించకుండా పేలాల గిన్నెలో చెయ్యి పెట్టింది. గిన్నెలో అప్పటికే అతని చెయ్యి ఉంది.

ఆఖరి శనివారం పోట్లాట జరిగింది.

"ఐదో భాగం చిన్న తరగతులకి వద్దు," అంది అడీలా.

"తాగుతారనా?"

"తాగితే తాగనీ. ఆ కుర్రాణ్ణి గదిలో నిలబెట్టి అందరూ ఏడిపించి నవ్వుతారు చూడండి. పధ్నాలుగేళ్ళవాడికి ఆ నవ్వే నచ్చుతుంది. పదహారు దాటినవాళ్ళకైతే, మీరు పక్కనుండి మధ్యమధ్య ఆపి మాట్లాడితే..."

ఎమ్మెట్‌కి 'వద్దు' ఒక్కటే వినిపించింది.

"అర్థమైంది. వానెక్ గారమ్మాయి వానెక్ గారి మూలలోనే నిలబడుతుంది. ఇన్ని శనివారాలు ఎందుకు దండగ చేసినట్టు?"

పేలాల గిన్నె వదిలేసి వెళ్ళిపోయాడు. కిటికీలోంచి అతని కాళ్ళు మాత్రం కనిపించాయి. నీటి గుంట ఉందని కూడా చూసుకోకుండా అందులోంచే నడిచాయి.

అతనన్నది నిజం కాకపోతే ఆమెకు అంత కోపం వచ్చేది కాదు. ఓటు వచ్చినప్పటి నుంచీ ప్రతి సభలోనూ పియానో పక్కన, తండ్రి మూలలోనే నిలబడింది. ఎటు నిలబడతావని ఆమెను ఎవరూ అడగలేదు.

సభ నాటి సాయంత్రానికి వాన పెరిగింది. గుమ్మం దగ్గర బురద బూట్లు వరసకట్టాయి. అందరి గొడుగులూ చూరు కింద వేలాడాయి. గొడుగు లేనివాడు ఒక్కడే, తడిసి ముద్దై వచ్చి కట్టెల పొయ్యి మూలలో నిలబడ్డాడు. అడీలా వైపు చూడలేదు.

రుడాల్ఫ్ కప్పు మీద చెంచాతో కొట్టాడు. "వద్దనేవాళ్ళు పియానో వైపు. కావాలనేవాళ్ళు పొయ్యి వైపు. ఎవరి బుద్ధితో వాళ్ళు నడవండి. ఎవరూ ఎవరికీ జడవక్కర్లేదు."

పియానో వైపు గది నిండింది. పొయ్యి దగ్గర కొద్దిమందే తేలారు.

"ఆ తిట్లు వినలేక చెవులు మూసుకున్నానంటే నమ్మండి," అన్నాడు పందుల పెంపకం హోమర్, పియానో పక్క నుంచి.

"మొత్తం చూశావా హోమర్?" అంది పొయ్యి దగ్గర కూర్చున్న ముసలావిడ వెల్మా.

"ఆఖరిదాకా చూశాను."

"చెవులు మూసుకునే?"

గది గొల్లుమంది. హోమర్ కొలాచీ నోట్లో కుక్కుకున్నాడు. నవ్వారే గాని ఎవరూ మూల మారలేదు. ఎమ్మెట్ ఏదో చెప్పబోయి తడబడ్డాడు. క్లాసులో గంటలు మాట్లాడేవాడికి ఇక్కడ రెండు ముక్కలు దొరకలేదు.

రుడాల్ఫ్ వేలు చాపి లెక్క మొదలుపెట్టాడు. తనను, హోమర్‌ను, పక్కనున్న డోరిస్‌ను లెక్కేశాడు. "అడీలా..."

"అడీలా ఇక్కడ లేదుగా," అన్నారెవరో. ఆమె గది మధ్యలో కాఫీ పళ్ళెంతో ఉంది.

"కాఫీ ఇస్తోంది. అది ఎటూ మనదే." రుడాల్ఫ్ వేలు మడిచాడు.

పొయ్యి దగ్గర ఎమ్మెట్ చటుక్కున తలెత్తాడు.

అడీలా పళ్ళెం తీసుకెళ్ళి పియానో మీద పెట్టింది. ఆ పియానో మీద ఏమీ పెట్టకూడదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

"నాన్నా, నన్ను లెక్కలోంచి తీసెయ్యండి."

"ఏమిటీ?"

"నేను అక్కడ నిలబడలేదు. మీరు నన్ను అడగలేదు."

ఆమె గది వైపు తిరిగింది.

"మొత్తం చూశాను," అంది అడీలా. "తిట్లున్నాయి. తాగుడుంది. చిన్న పిల్లలకి వద్దు, పెద్ద పిల్లలకైనా మాస్టారు పక్కనుండాలి, ఆయన మొహం మీదే ఆ మాట చెప్పాను. కానీ పదహారేళ్ళ పిల్ల చూసి జడుసుకోవాల్సింది నాకు ఒక్కటే కనిపించింది. పెద్దకుర్చీలో ఉన్నవాడు అడక్కుండానే మన తల తన లెక్కలో వేసుకోవడం. దాన్ని టీవీలో చూసి గుర్తుపట్టడం నేర్చుకోనివ్వండి. నేను నేర్చుకునేసరికి చాలా ఆలస్యమైంది."

నడిచింది. పియానో నుంచి పొయ్యికి నాలుగడుగుల దూరం. పుట్టి పెరిగిన గదిలో, సభ వేళ ఆ దారిన నడవడం అదే మొదటిసారి.

"నా ఇంట్లో నిలబడి నాకే ఎదురు చెప్తున్నావు," అన్నాడు రుడాల్ఫ్.

"మీ ఇంట్లోనే నేర్చుకున్నాను నాన్నా. ఎవరి బుద్ధితో వాళ్ళు నడవమని ప్రతి సభలోనూ చెప్పేది మీరేగా."

వంటింటి తలుపు తెరుచుకుంది. టెస్ పిండి వేళ్ళతో వచ్చి అక్క పక్కన నిలబడింది.

"నీకు ఓటు లేదు. నువ్వు లెక్కలోకి రావు."

"తెలుసు నాన్నా. లెక్కపెట్టకండి. ఊరికే నిలబడతాను."

వెల్మా పొయ్యి దగ్గర చేతులు కాచుకుంటూ, "డోరిస్, ఇటు వెచ్చగా ఉందమ్మా," అని పిలిచింది.

డోరిస్ భర్త వైపు చూసింది. నడుముకున్న ఏప్రన్ విప్పి, మడిచి, పియానో ముక్కాలిపీట మీద పెట్టింది. గది దాటి పొయ్యి వైపు వచ్చింది.

"నిజంగానే అంత వెచ్చగా ఉందా?" అంటూ హోమర్ కదిలాడు. అతని వెనక ఇంకొందరు కదిలారు.

రుడాల్ఫ్ లెక్కపెట్టాడు. నమ్మలేక మళ్ళీ లెక్కపెట్టాడు. పొయ్యి వైపే ఎక్కువమంది తేలారు. తప్పు లెక్క చెప్పే మనిషి కాదు. "పదహారు దాటినవాళ్ళు చూడొచ్చు, మాస్టారు పక్కనుండాలి. అంతకంటే చిన్నవాళ్ళకి వద్దు," అని ప్రకటించి, అదే కాగితం మీద రాసి సంతకం చేశాడు. సభ తీర్పు సభ పెద్దే స్వయంగా తీసుకెళ్ళి స్కూలు పెద్ద చేతిలో పెట్టాలి. కోటు కోసం లోపలికి వెళ్ళాడు.

బూట్లూ గొడుగులూ ఖాళీ అయ్యాయి. డోరిస్, టెస్ కప్పులు ఎత్తుకుని వంటింట్లోకి పోయారు. పొయ్యి మూలలో ఇద్దరే మిగిలారు. సభ అయిపోయినా అక్కణ్ణుంచి కదలలేదు.

"ఆ రోజు నేనన్న మాట..."

"మాట్లాడకండి."

"ఇప్పుడు నీ చేతిలో రిమోట్ లేదుగా."

'మీరు' ఎక్కడ జారిపోయిందో అతను చూసుకోలేదు. ఆమె చూసుకుంది. జారినదాన్ని తీసిచ్చే ప్రయత్నం చేయలేదు.

"నా కోసం నిలబడ్డావా?"

"లేదు. నా కోసం."

ఎమ్మెట్ తల వంచుకున్నాడు.

"నీ కోసమైతే ఇంతమంది ముందు ఎందుకు? నువ్వొక్కడివి ఉంటే చాలు," అంది అడీలా, అతని కళ్ళలోకే చూస్తూ.

ఎమ్మెట్ తలెత్తాడు. పొయ్యిలో కట్టె ఒకటి చిటపటమంది.

"ఐదో భాగం సంగతిలో నేను మారను," అంది మళ్ళీ.

"మారకు. వచ్చే శనివారం కూర్చుని పోట్లాడుకుందాం."

"నాటకం అయిపోయిందిగా."

"పోట్లాట అవలేదుగా. నేను పేలాలు తెస్తాను."

అప్పుడే రుడాల్ఫ్ కోటు వేసుకుని వచ్చాడు. ఎమ్మెట్ ఒకడుగు వెనక్కి వేయబోయాడు. అడీలా అతని తడి చేతిని గట్టిగా పట్టుకుంది. తండ్రి వైపు చూస్తూనే పట్టుకుంది, వదల్లేదు.

రుడాల్ఫ్ ఆ చేతుల వైపు చూశాడు. మాస్టారి జుట్టులోంచి ఇంకా కారుతున్న నీళ్ళ వైపు చూశాడు. చూరు కింద మిగిలిన ఒకే ఒక్క గొడుగు తనది. దాన్ని తెచ్చి ఎమ్మెట్ ఖాళీ చేతికి తగిలించాడు. తీర్పు కాగితం మడిచి కోటు లోపల, తడవకుండా పెట్టుకున్నాడు.

టోపీ సర్దుకుని వానలోకి నడిచిపోయాడు.